టీ జాలీలో పట్టిన రాయి

అల్లూరు

బావ హజరత్తయ్యకు,

బతికే ఉన్నాను. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కనుక కార్డు రాస్తున్నాను.

నలభై ఏళ్లుగా మూత్రంలో పడిన రాళ్లన్నీ పారేశాను. ఈసారి టీ జాలీతో ఒకటి పట్టి నెల్లూరు డాక్టరుకిచ్చాను. మైనంలా పసుపుగా ఉంది. సిస్టీన్ రాయట. అరుదైనది, తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించేది. "నీళ్లు తాగకుండా పుస్తకాలు నములుతా కూర్చుంటే రాళ్లు గాక రత్నాలు పడతాయా బావా?" అని ప్రతి పెళ్లిలోనూ జనాన్ని నవ్వించావు. ఆ మాట వెనక్కి తీసుకో.

మా అమ్మానాన్నలది మేనరికం. మా అమ్మాయి వాణిని నీ కొడుక్కే ఇవ్వాలని నువ్వు పట్టుబట్టావు. ఇంత చదివిన నేనూ తలూపాను. ఇప్పుడు మన మనవరాలు భానుప్రియకు నడుం నొప్పి వస్తే అరటి దూట రసం తాగిస్తున్నారట. ఆ రసానికి ఈ రాయి కరగదు. వెంటనే మూత్రపరీక్ష చేయించు, సిస్టీన్ ఉందేమో చూడమను. నాకైతే రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, చప్పిడి కూడు, మాత్రలు.

మీ ఇంట్లో మరిచిన కళ్లజోడు పంపు. చెల్లెలు ఆదిశేషమ్మకు ఆశీస్సులు. పిల్లకు ఏమీ లేదని తేలితే, వచ్చే పెళ్లిలో నా మీద మళ్లీ జోకులేసి జనాన్ని నవ్వించు. ఏమీ అనుకోను.

పెంచలకృష్ణ