చదువురాని మంత్రగత్తె

ఆట పుస్తకం అచ్చువేసే కంపెనీ వారికి,

వీధిలో అందరికీ పెద్దమ్మను. వయసు డెబ్బై నాలుగు. కొడుకూ కోడలితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

ఆదివారాలు తలో వేషం కట్టి మీ పాచికల ఆట ఆడతాం. కోడలు విలుకత్తె, కింది వాటా దర్జీ దొంగ, నేను మంత్రగత్తెను. జనం ఎగబడి కొంటున్నారని దర్జీ మీ కొత్త కూర్పు తెచ్చాడు. పాతదాంట్లో లేని నియమం ఒకటి పెట్టారు: చదువురానివాళ్లు మంత్రం వేయకూడదట.

"పుస్తకంలో ఉంది పెద్దమ్మా, నేనేం చేయను?" అన్నాడు.

"పోయిన వారం ఆటలో రాక్షసి నోట్లోంచి నిన్ను లాగినప్పుడు నా చదువెంతని అడిగావట్రా?" అన్నాను.

ఆ నియమం తీసేయండి. లక్షలమంది కొన్నాక ముసలిదాని గోల మాకెందుకు అనుకోకండి. ఈ ఉత్తరం కూడా నేను నోటితోనే వేశాను. ఇది మీమీద పనిచేస్తే నా మంత్రమూ పనిచేసినట్టే.

ఇట్లు,
నా ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: కోడలు, రాక్షసి నోట్లోంచి బతికి బయటపడ్డ దర్జీ.