బాపు రేడియోకు తలుపుల వార్నిష్

నగేశ్, మన బాపు రేడియోను చెడగొట్టింది నువ్వూ, నీ పెళ్లాం వనితా. తలుపులకు పూయగా మిగిలిన వార్నిష్ దానికి ఎవరు పూయమన్నారు? సాయంత్రం బోధన్ నుంచి కొనడానికి వచ్చే ఆయనకు పాత రేడియో పాతగానే ఉండాలి. మెరిస్తే ధర పడిపోతుంది. నువ్వేమో "అక్కా, పెళ్లిపిల్ల లెక్క మెరుస్తుంది చూడు" అని మురుస్తున్నావు. బాపు ఉన్నప్పుడు తంబాకు నలిపి, సున్నం వేలు తుడుచుకున్న మరక కూడా పోయింది.

కూలీల మీటింగుకు రుద్రూర్ పోతున్నాను. పోయే ముందు స్విచ్ వేసి, వాల్వులు వేడెక్కేదాకా కూర్చున్నాను. బాపు దగ్గినట్టు గరగరమని, మెల్లగా పాట అందుకుంది. నా కోపం సగం దిగింది.

వార్నిష్ మనమే పూశామని ఆయనకు చెప్పు. దాచి అమ్మితే ఊరుకోను. వద్దని వెళ్లిపోతే ఫికర్ చేయకు, నాకు సంతోషమే. రేడియోను మళ్లీ అవ్వ మంచం పక్కన పెట్టు.

అక్క

రేడియో వెనక అట్ట అంచున సున్నం మరక కొంచెం మిగిలింది. వనిత మళ్లీ తుడవకముందే ఆమె చేతిలో బట్ట గుంజుకో.