సైదమ్మకు కరెంటు దుప్పటి

మిర్యాలగూడ నివాసిని, కీర్తిశేషులు లక్ష్మయ్య గారి భార్యను అయిన నేను, వెంకటనర్సమ్మ, వ్రాయించిన వీలునామా. నా మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సవ్యంగా పనిచేస్తున్నవి. తెలివి మరీ బాగా పనిచేస్తున్నది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అంతటివారు ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

1. రైసుమిల్లు, ఇల్లు, పాలకీడు పొలము నా కుమారుడు భాస్కరరావుకు. నగలు సూర్యాపేటలో ఉన్న నా కూతురు సులోచనకు. కాసులపేరు కొక్కెం వదులుగా ఉన్నది, బాగుచేయించుకొని వేసుకోవలెను. వీటిమీద తగాదా లేదు గనుక ఇంతటితో చాలు.

2. ఇక కరెంటు దుప్పటి. దీని సంగతి నా మరిది పాపయ్య వేరేగా చెప్పుకొంటున్నాడు గనుక జరిగింది వ్రాయిస్తున్నాను. కీళ్లనొప్పులకు వెచ్చదనం మంచిదని డాక్టరు చెబితే, సులోచనను వెంటబెట్టుకొని సికిందరాబాదు పోయాను. సీమకు వెళ్లిపోతున్న ఇంగ్లీషు దొరల సామాను అమ్మే దుకాణంలో మూడు దుప్పట్లు చూపించారు. ఎర్రది అందంగా ఉన్నది కానీ, తడిమి చూస్తే లోపలి తీగ ఒకచోట మెలిపడి ఉన్నది. రెండవది అమెరికాది. దానిమీది ఇంగ్లీషు చదివి సులోచన, "అమ్మా, మన మిల్లు కరెంటు దీనికి డబుల్ అయితది. పెట్టంగనే మాడిపోతది" అన్నది. మూడవది బూడిద రంగుది, గుర్రం మీద వేసే గుడ్డలాగా ఉన్నది. కానీ మన కరెంటుకు సరిపోయేది. తీగ, ప్లగ్గు గట్టివి. దుకాణంలోనే తగిలించి, అంతటా సమంగా వేడెక్కిందో లేదో చూసి, దానినే తెచ్చాము.

3. పోయిన చలికాలంలో పాపయ్య కోదాడ నుంచి వచ్చి, స్నానం చేసి, తడి పంచెతోనే ఆ దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, స్విచ్చి వేసి, పీటలాగా దానిమీద కూర్చున్నాడు. మాడువాసన వచ్చింది. "వదినా, కింద కాలతంది!" అని అరిచి గెంతాడే తప్ప స్విచ్చి వైపు చూడలేదు. మా ఇంట్లో పనిచేసే సైదమ్మ పరుగున వచ్చి, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకింది. ఆమె రాకుంటే ఒక మరిదిని, ఒక గదిని పోగొట్టుకొనేదాన్ని. గది మంచిది. మాడిన తీగను సికిందరాబాదులోనే మార్పించాను. పాపయ్య మాత్రం దుప్పటిలో దయ్యమున్నదని కోదాడంతా చెప్పాడు. కాబట్టి ఆయనకు నా ఇనుప కుంపటి. దానిని మంచం కింద గానీ, తలుపులు మూసిన గదిలో గానీ పెట్టుకోరాదు. ఆయన బతికి ఉండవలెననే నా కోరిక.

4. దుప్పటి నా తదనంతరం సైదమ్మకు. ఏళ్ల తరబడి నా మోకాళ్లకు నూనె రాసింది. తన మోకాళ్లు నొస్తున్నా చెప్పలేదు. గుడిసెలో గోనెపట్టా మీద పడుకొంటున్నది. "నాకెందుకమ్మా కరెంటు మీద పండుడు?" అని ఎంతకూ వినకపోతే, ఒకనాడు చెయ్యి పట్టి పడుకోబెట్టాను. కాసేపటికి "ఈ మోకాళ్లు నాయి కానట్టున్నయమ్మా" అని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది కానీ అది ఇక్కడ అనవసరం.

సైదమ్మా, దానిని పరచుకో, మడవకు. పిన్నీసు గుచ్చకు. తడి తగలనియ్యకు. పైన గొంగడి కప్పకు. చంటిపిల్లలను పడుకోబెట్టకు. ముందుగా పక్క వెచ్చబడనిచ్చి, కన్ను మూతపడకముందే ప్లగ్గు తీసెయ్యి. తీగ పగిలినా, వాసన వచ్చినా మళ్లీ వాడకు. ఎండాకాలం వదులుగా చుట్టి పెట్టుకో.

5. నిన్న ఈ సంగతి విని భాస్కరరావు, "ఆమె గుడిసెల కరెంటే లేదు గదనే అమ్మా, దుప్పటిస్తే ఏం ఫాయిద?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అందువల్ల ఇంట్లో ప్లగ్గు ఉన్న తూర్పు గది, సైదమ్మ బతికి ఉన్నన్నాళ్లూ ఆమెది. మిల్లు డైనమో నుంచి ఆ గదికి వచ్చే తీగను ఎవరూ కోయరాదు. భాస్కరరావు "నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమే.

6. వీటన్నిటినీ జరిపించవలసినవారు సూర్యాపేట వకీలు తులసీరాం గారు. గది కోసం మాత్రం నేను పోయేదాకా ఆగనక్కరలేదు. తాళంచెవి ఈ ఉదయమే సైదమ్మకు ఇచ్చాను. కొంగున కట్టుకొన్నది. ఈ వీలునామాను ఆ గదిలోనే, ఆమెను అడిగి లోపలికి వచ్చి కూర్చొని, వ్రాయించాను.

మిర్యాలగూడ, 1949 డిసెంబరు 14, బుధవారం.

(సంతకం) వెంకటనర్సమ్మ

సాక్షులు: ముత్తయ్య, మిల్లు గుమాస్తా
జానయ్య, పొరుగింటివారు