వచ్చే ఏడాది బడి

ఆఫీసు,
ఫిబ్రవరి 18, మంగళవారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి కదా, పెట్టలేను. అక్కడ మీరెలా ఉన్నారని అడిగే మొహం కూడా నాకు లేదు. నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

ఆసుపత్రి సంగతులు బావ చెబుతూనే ఉన్నాడు. నీకు వినపడకుండా మెట్ల కిందికెళ్లి మాట్లాడుతున్నాడు పాపం, ఆయన్ని ఏమీ అనకు. సెలైన్ తీసేశారట. నీ కూతురు, మన పిచ్చుక, నాలుగు చెంచాలు జావ తాగి గోడవైపు తిరిగి పడుకుంటోందట. బళ్లో ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయేదాకా ఈ పిల్ల తిండి మానేసిందని ఇంట్లో ఎవరికీ పట్టలేదా అని డాక్టరమ్మ బావని నిలదీసిందట. నేను కొనిచ్చిన పూలకుండీని కూడా నువ్వు గుమ్మం బయటికి గెంటేశావని చెప్పాడు. దానికేం పాపం తెలుసక్కా!

ఆసుపత్రి వరండాలో నువ్వు తిట్టిన తిట్లన్నీ నిలబడి విన్నాను. ఊళ్లో పిల్లలందర్నీ ఉద్ధరిస్తానని తిరుగుతావు, ఇంట్లో పిల్ల ఎండిపోతుంటే కళ్లు మూసుకున్నావు అన్నావు. నర్సులు పని మానేసి మనల్నే చూశారు. నాకూ ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే నా వైపు సంగతీ రాస్తున్నాను.

మా పని నీకు తెలుసు. పిల్లలు మనసు పాడై మంచం పట్టాక వైద్యం చేయడం కాదు, పట్టకముందే ఆపడం. వారానికో పీరియడ్ అడిగి తీసుకుని, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, దిగులు గురించీ తిండి గురించీ తమ ఒంటి మీద తమకుండే అసహ్యం గురించీ మాట్లాడించడం. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే సగం బడుల్లో ఈ ఏడాది పెట్టాలి, మిగతా బడులు వచ్చే ఏడాది దాకా ఆగాలి. రెండింటినీ పోల్చి చూడాలి. ఏ బడి ఎటువైపో నేను ఎంచలేదు. హెడ్మాస్టర్లందరి ముందూ స్టీలు గిన్నెలో చీటీలు వేసి మా ప్రొఫెసరుగారు తీశారు. పిచ్చుక బడి ఆగే వైపు పడింది.

ఆ వారమే నువ్వు ఆయాసపడుతూ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చావు. పిల్ల అద్దం ముందునుంచి కదలడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, పక్క బడిలో దీన్నొక్కదాన్నీ ఓ మూల కూర్చోబెట్టవే, ఎవడు చూడొచ్చాడు అన్నావు. కుదరదక్కా, లెక్క పాడవుతుంది అన్నాను. చెల్లెలితో మాట్లాడుదామని వస్తే గుమాస్తా దొరికిందని విసుక్కుని, తెప్పించిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయావు.

నా తెలివి అక్కడితో ఆగినా బాగుండేది. బావ పుట్టినరోజు భోజనాలప్పుడు పిచ్చుక నా పక్కనే కూర్చుంది. కంచంలో అన్నీ కెలికి, అంచుకి నెట్టి, తిన్నట్టు నటించింది. నేను బళ్లలో చెప్పే పాఠమే అది, నాకు తెలియదా? ఏమైందే బంగారం అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆగే బడి పిల్లలతో ఆ విషయాలు ఎత్తకూడదని మా నియమం. ఎత్తితే వాళ్లకీ పాఠం అందినట్టే లెక్క. పిన్నినన్న సంగతి మర్చిపోయి నోరు మూసుకున్నాను. అది నావైపు చూసింది కూడా. నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

అయినా ఒక్క మాట చెప్పనీ. ఆ నియమం పట్టుకుని వేలాడింది పొగరుతో కాదు. ఇది పనిచేస్తుందని తేలితే అన్ని బడులకీ వస్తుంది, ఇలాంటి పిల్లలు ఎందరో గట్టెక్కుతారని గట్టిగా నమ్మాను. నీ కూతుర్ని కూడా ఆ ఎందరిలోనో కలిపేశాను. నువ్వు క్షమించలేనిది అదేనని నాకు తెలుసు. ఆదివారం వస్తాను. నన్ను గదిలోకి రానివ్వు. దాని మంచం పక్కన కాసేపు కూర్చుంటాను, అంతే. వద్దంటే బయట బెంచీ మీదే ఉంటాను, నువ్వు అటూ ఇటూ తిరుగుతూ తిట్టుకో.

నువ్వు మాట్లాడినా మాట్లాడకపోయినా,
నీ చిన్నది

తా.క.: కవరు అంటించబోతుంటే ప్రొఫెసరుగారు పిలిచారు. ఫలితాలు వచ్చాయి. పాఠాలు విన్న పిల్లలకీ ఆగిన పిల్లలకీ తేడా ఏమీ లేదట. ఆయన నమ్మలేక లెక్కంతా మళ్లీ వేయించారు. మళ్లీ అదే వచ్చింది. నా దగ్గర మందుందనుకుని నువ్వు అడిగావు, ఉందనుకునే నేను కాదన్నాను. లేదక్కా. అప్పుడూ లేదు. అందుకని ఆదివారం నన్ను చూసి, ఇది చదువుకున్నది కదా, పిల్లని ఎలాగైనా మామూలు మనిషిని చేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు. దాన్ని ఎలా తినిపించాలో నాకూ తెలియదు.