ఇస్త్రీ గది వాటా

డాక్టరమ్మకి,

ఇస్త్రీ గది పెద్దమ్మ చెప్పి రాయిస్తున్నది. మీ దగ్గరికొస్తే నేను నోరు తెరిచేలోపే గంట కొట్టి ఇంకొకరిని పిలుస్తారు. అందుకే ఉత్తరం.

మీ మాత్ర మొదలుపెట్టి మూణ్ణెల్లు. చలి తగ్గలేదు, మొహం వాపు తగ్గలేదు, గొంతు బొంగురు అలాగే ఉంది. దుప్పట్లు ఉతికే కంపెనీలో నలభై ఏళ్లు చేశాను. మడత పెట్టేటప్పుడు ఒక కొస నాది, రెండో కొస నా జోడీది. యంత్రాల రొదకి దాని చెవులు పోయాయి. నా కేక ఒక్కటే దానికి వినపడేది. ఇప్పుడు అదీ వినపడక, నేను అలిగాననుకుని మూతి ముడుస్తోంది. నా గొంతు నాకు తెప్పించండి. ఇదంతా ఆ ఇస్త్రీ గది ఆవిరి వల్లేనని నా అనుమానం.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. మీ మాత్ర చొక్కా గుండీ అంత కూడా లేదు. నా ఒంటికి ఏ మూలకి?

•

పెద్దమ్మగారికి నమస్కారాలు.

ఆవిరి తప్పేం లేదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి కొందరికి మెడ ఆపరేషన్ వల్ల, కొందరికి కొన్ని మందుల వల్ల, ఇంకొందరికి అయోడిన్ చాలక మందగిస్తుంది. మీకైతే ఒంట్లోని రక్షణ బలగమే పొరబడి ఆ గ్రంథి మీద దాడి చేస్తోంది. రక్తపరీక్ష చూస్తే మందు సరిగా అందుతున్నట్టు లేదు. పరగడుపునే వేసుకుంటున్నారా? వెంటనే టీ తాగుతున్నారా? క్యాల్షియం బిళ్లలు కలిపి మింగుతున్నారా?

మీ డాక్టరు.

తా.క. గుండీలు మింగకండి.

•

డాక్టరమ్మకి,

నా ఒంట్లోవాళ్లే నా మీద తిరగబడ్డారా! ముప్పైమంది ఆడవాళ్లని కిక్కురుమనకుండా పని చేయించినదాన్ని. వాళ్ల పెద్దెవరో చెప్పండి, నేను మాట్లాడతాను.

టీ అంటారా? తెల్లారగానే జోడీ వస్తుంది. మంచినీళ్లతో మాత్ర. ఆ తరవాత అరగంట కిటికీ దగ్గర కూచుంటాం. అది పాత సంగతులు చెబుతుంది, నేను తలాడిస్తాను. వేడి దుప్పట్ల వాసన, బెంచీ మీద ఒకే రొట్టె చెరి సగం, వానలో ఇద్దరికీ ఒకే గొడుగు. అరగంటయ్యాకే టీ. బిళ్లలా గిళ్లలా, ఏమీ లేవు. నామీద నిందలేస్తే ఊరుకోను.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. నేను, రాసిపెట్టే మనవరాలిని. ఈ ముక్క అమ్మమ్మకి చదివి వినిపించను. మాత్ర కూడా చెరి సగమే. జోడీ తనకీ చలేస్తోందంటే అమ్మమ్మ మొదటి రోజు నుంచీ విరిచి ఇస్తోంది.

•

పెద్దమ్మగారికి,

రొట్టె పంచుకోండి, గొడుగు పంచుకోండి, మందు పంచుకోకండి. అవసరం లేనివాళ్లు వేసుకుంటే గుండె దడ పుడుతుంది. రేపటి నుంచి మొత్తం మీరే మింగండి. ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష. జోడీగారిని వెంటనే తీసుకురండి.

మీ డాక్టరు.

తా.క. మనవరాలిని తిట్టకండి.

•

డాక్టరమ్మకి,

మనవరాలిని ఇవాళ తిట్టాను. గొంతు వచ్చిందో లేదో చూసుకోవద్దూ? వచ్చింది. వీధి చివర కుక్క లేచి కూచుంది.

జోడీకి ఏ రోగమూ లేదని మీరు తేల్చిన రోజే దాని చెవిలో నోరు పెట్టి అడిగాను, "మరి నా సగాలు ఏం చేశావే?" అని. తన గుండీల డబ్బా తెచ్చి నా ఒళ్లో బోర్లించింది. అన్ని సగాలూ అందులోనే! ఒక్కటీ మింగలేదు.

"నాకేం లేదంటే రోజూ రమ్మంటావా మరి?" అంది.

డబ్బా మీకే పంపుతున్నాను, పారేయండి. ఇప్పుడు మాత్ర అంతా నాదే. అరగంట ఇద్దరిదీ. అది ఇంట్లోంచి దుప్పటి తెస్తుంది. చెరో కొసా పట్టుకుని మడతపెడతాం, విప్పుతాం, మళ్లీ మడతపెడతాం, టీ వేళయ్యేదాకా.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. నా మొదటి కేక వినగానే జోడీ ఏమందో తెలుసా? "ఇన్నాళ్లూ ఎంత ప్రశాంతంగా ఉందే!" అంది.