వెండిజుట్టు అబ్బాయి పారేసిన మాత్రలు

పలాస,
17 ఆగస్టు 2025.

ప్రియమైన సంజనకు,

ధరణి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నీ కుశలం సంగతి నాకు తెలిస్తేగా! నా నంబరు నువ్వే బ్లాక్ చేశావో, వెంకటేష్ చేయించాడో కూడా తెలియదు. నిశ్చితార్థమైనప్పటి నుంచి నీ ఫోను అతనే చూస్తున్నాడు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మా బాబ్జీ మావ కొబ్బరికాయల లోడుతో ఇచ్ఛాపురం వస్తున్నాడు. నీ చేతికే ఇమ్మన్నాను.

ఇక్కడ వాన, కరెంటు లేదు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు నిద్ర పట్టడం లేదని నవ్వుతూ చెప్పావు. డాక్టరు రాసిన మాత్రలు వెంకటేష్ కాలువలో పారేసి, "నేనుండగా నీకు మాత్రలేటి?" అన్నాడని మురిసిపోయావు. "అచ్చం మన మాంగాలోలాగే" అన్నావు.

అవునే, అచ్చం అలాగే. డిగ్రీలో ఒకే ఫోనులో తలలు ఆనించి చదివాం కదా, ఆ జపాను బొమ్మల కథలో వెండిజుట్టు అబ్బాయి ప్రియురాలి మాత్రలు నదిలోకి విసిరేసే పేజీ. అప్పుడు నేనూ ఏడ్చాను. ఇప్పుడు వాడంటే ఒళ్ళు మండుతోంది. ఆమె ఫోను చూస్తాడు, స్నేహితులను మాన్పిస్తాడు, రాత్రంతా ఇంటి ముందు తడుస్తూ నిలబడతాడు. బొమ్మలో వాన బాగుండేసరికి మనం దాన్ని ప్రేమ అనుకున్నాం. నీతో ఇదే చెబితే, "నీకు కుళ్ళే" అని ఫోను పెట్టేశావు.

ఒక్క గిన్నె కడగలేక ఆమె సింకు దగ్గర అలా నిలబడిపోయే పేజీ ఉంది చూడు, అది మాత్రం నిజం. మనసు జబ్బును అంత బాగా గీసినవాళ్ళు వైద్యం దగ్గరికొచ్చేసరికి ఎందుకు తొందరపడ్డారో! ఒక్కసారి ఏడిపించి నయం చేసేస్తాడు అందులో డాక్టరు, పైగా తనే ప్రేమలో పడతాడు. అసలు డాక్టరమ్మ అలా ఉండదు. బయట బెంచీ మీద గంటలు కూర్చోవాలి. తిన్నావా, పడుకున్నావా అంటుంది. మాత్ర కాస్త మార్చి, మళ్ళీ నెల రమ్మంటుంది. ఇదంతా ఎవరు గీస్తారు?

సంజనా, మాత్రలు అలా ఉన్నట్టుండి ఆపకూడదు. నీకేమైనా అవుతుందని భయంగా ఉంది. గురువారం టెక్కలి రా, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. బస్టాండులో ఉంటాను.

నీ మీద కోపమూ బెంగా రెండూ ఉన్న,
ధరణి

తా.క. డాక్టరమ్మ సంగతులు నాకెలా తెలుసంటావేమో. ఆ బెంచీ మీద కూర్చునేది నేనే. ఆసుపత్రికి వెళ్ళేది కిడ్నీ పరీక్షలకని నీతో సహా అందరికీ చెప్పాను. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మన ఉద్దానంలో ఆ మాటంటే ఇంకెవరూ ఏమీ అడగరు. పిచ్చిదంటారని భయపడ్డాను. నా కిడ్నీలకు ఏమీ లేదు. పొద్దున్న అమ్మ పక్కన కూర్చుని, "నాదొకటి తీసి నీకెట్టమని ఆ డాక్టరుకి సెప్పమ్మా" అంది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. అమ్మ అంతా విన్నది. తర్వాత, "గురువారం నేనూ వత్తాను. ఆ సంజనని కూడా రమ్మని రాయి" అంది.