రాములవ్వ సాక్ష్యం

2024 ఏప్రిల్ 22

పొద్దున చెక్ బౌన్స్ వాయిదా. పన్నెండింటికి ఒక భరణం పిటిషన్. రెండింటికి సిద్దిపేట దవాఖానలో రాములవ్వ. కూలి మనిషి, ఒంటరిది, అరవై దాటాయి. ఊరి పేరు ఈ డైరీలో కూడా రాయను. పట్టపగలు ముగ్గురు మొహాలకు తువ్వాలలు కట్టుకొని వచ్చి, చేతబడి చేస్తుందంటూ పట్కారుతో పదకొండు పళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం నోట పలకదట! ఇద్దరు ఆమెను అదిమి పట్టుకున్నారు. పీకినవాడి తువ్వాల జారింది. వాడి మొహం ఆమె చూసింది. వాడకట్టు మొత్తం ఏమీ చూడలేదంటోంది, ఆమె మళ్లీ ఊళ్లోకి రావద్దంటోంది.

నోట్లోంచి దూది తీసి ఒక్కటే అడిగింది. నా ఇంటికి నన్ను పోనిస్తరా సారూ అని.

ఏప్రిల్ 22

పేపర్‌కు నా కాలమ్ పంపాను. పోలీసులకు ఇది మూఢనమ్మకమట. ఛీ! ఇప్పటిదాకా ఒక్క సర్పంచ్ పళ్లు పీకారా? ఒక్క కాంట్రాక్టర్‌వి? తిరిగి కొట్టలేని వాళ్లకే ఈ దేశంలో మంత్రాలు వస్తాయి. దీన్ని నమ్మకం అనేవాడు నాలుగో నిందితుడు.

ఏప్రిల్ 24, సాయంత్రం 6

ఒక కానిస్టేబుల్ చెవిలో వేశాడు. పీకినవాడు ఓంప్రకాశ్, పొరుగు మండలం, కోతమిషన్ డ్రైవర్. ఫేస్‌బుక్‌లో ఫొటో దొరికింది. రాములవ్వకు చూపించాను. మంచం కడ్డీ పట్టుకొని లేచి కూర్చుంది. గీడే, గీ మొకమే అన్నది. గంటలో నా యూట్యూబ్ ఛానెల్‌కు వీడియో చేసి ఆ మొహాన్ని స్క్రీన్ నిండా పెట్టాను.

ఏప్రిల్ 25

లక్ష వ్యూస్. వాణ్ని అరెస్టు చేశారు.

ప్రాసిక్యూటర్ హర్షిణి ఫోన్ చేసి తిట్టింది. జైల్లో ఐడెంటిఫికేషన్ పరేడ్ ఉంటది, పదిమందిల ఆమె వాణ్ని గుర్తుపట్టుడే మన కేసు, మీరు ముందే మొహం చూపెట్టి కూసున్నరు, వకీలా యూట్యూబరా మీరు అన్నది. ఫైళ్లు నమిలే జాతి. కట్ చేశాను.

మే 9

పరేడ్ అయింది. చూడగానే వాణ్ని గుర్తుపట్టిందట. హర్షిణికి మెసేజ్ పెట్టాను: చూశారా?

2025 జులై 15

కోర్టులో రాములవ్వ క్రాస్ ఎగ్జామినేషన్. లోపలికి పోయేముందు చెప్పాను, ఏం అడిగినా నిజమే చెప్పవ్వా అని.

ఓంప్రకాశ్ తరఫు వకీలు రాజమల్లయ్య. ఇరవై ఏళ్లుగా కోర్టు క్యాంటీన్‌లో నా ఎదుటి కుర్చీ. కోర్టుకు నా వీడియో చూపించాడు. తర్వాత మెత్తగా, అవ్వా, జైలుకు పోకముందే ఈయన ఫొటో ఎవరన్న చూపెట్టిన్రా అన్నాడు. ఆమె వేలు నా వైపు తిరిగింది. గా సారే చూపెట్టిండు బిడ్డా. చూపెట్టకున్నా నాకెరుకే, నా నోట్ల పట్కారు పెట్టినోన్ని మరుస్తనా అన్నది.

ఆ రెండో మాట ఎవరికీ అక్కర్లేదు.

ఆగస్టు 22

ఓంప్రకాశ్ నిర్దోషి. ముందే ఫొటో చూపించారు కాబట్టి గుర్తింపు చెల్లదట. తీర్పు ఎనిమిదో పేజీలో నా పేరు.

వరండాలో వాడు వంగి దండం పెట్టాడు. మీరు సల్లగుండాలె సారూ, మీ వీడియోనే నన్ను బయటేసింది అన్నాడు. గల్లా పట్టి తలను గోడకేసి కొట్టాను. మళ్లీ. మళ్లీ. నాలుగోసారి చప్పుడు మారింది. ఆపాలనిపించలేదు. పద్దెనిమిదేళ్లుగా గుంపు న్యాయం మీద రాస్తున్న చెయ్యి! రాజమల్లయ్య లాగాడు. నా మెడలోని తెల్ల బ్యాండు మీద వాడి రక్తం. మెట్ల మీద కూర్చొని రాములవ్వ అంతా చూసింది.

ఆగస్టు 25

ఓంప్రకాశ్ దవాఖానలో. నా మీద కేసు. నా వకీలు రాజమల్లయ్యే. ఇద్దరికీ సిగ్గు లేదు. వరండాలో ఉన్న వకీళ్లు ఎవరూ ఏమీ చూడలేదట. గా ముసలామె ఒక్కతే మిగిలిందన్నా, నువ్వు చెప్తే చూడలేదంటది అన్నాడు.

ఊరు రానివ్వక ఆమె ఉంటున్న చెల్లెలింటి దాకా, చంద్లాపూర్ పోయాను. తలుపు కొట్టకుండా తిరిగొచ్చాను.

సెప్టెంబర్ 3

రాములవ్వ పోలీసులకు చెప్పేసింది. సారు కొట్టిండు, నాలుగుసార్లు, గుంజినా ఆగలే అని.

ఓంప్రకాశ్ దిక్కు సాక్ష్యం చెప్పిందని ఊరు ఆమెను రానిచ్చిందట. నిన్న తన ఇంటి తాళం తీసింది.